తలవెండ్రుకల మాత్ర – హృదయ క్షేమం

పాఠకులు నాకు వ్రాసే ఉత్తరాలలో ఎక్కువ భాగం జుట్టును గురించినవే. ఏ నూనె రాయవలెను, ఏ ఆకు నూరి పట్టించవలెను అని అడిగేవారు. ఈమధ్య ఆ ప్రశ్న మారినది. "జుట్టు కోసం మినాక్సిడిల్ మాత్ర మింగవచ్చునా? గుండెకు ఏమైనా హాని చేస్తుందా?" అని అడుగుతున్నారు. విశాఖపట్నంలోనే గాక విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుండి కూడా ఇదే ప్రశ్న వస్తున్నది. దీనికి సమాధానం చెప్పే ముందు, ఈ విషయంలో నేను చేసిన ఒక పొరపాటును చెప్పుకోవలసి ఉన్నది.

రెండు సంవత్సరాల క్రిందట వైశాఖమాసంలో గాజువాక వైపు నుండి ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చినది. అబ్బాయికి 30 ఏండ్ల లోపు వయస్సు. ఉక్కు కర్మాగారంలో పని. "బాబూ, పది రోజులుగా మావాడి కాళ్ళు పొంగుతున్నాయి. సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదు" అన్నది. చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడి, నెమ్మదిగా పూడినది. నాడి వేగంగా ఉన్నది. ఎండాకాలం, కొలిమి దగ్గర పని, రాత్రి షిఫ్టులు, వేళతప్పిన భోజనం, ఊరగాయల మీద మక్కువ అన్నీ విన్నాను. శోథ అని నిర్ణయించి, పునర్నవాది కషాయం వ్రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి పంపినాను. వారం దినాలలో వాపు కొంత తీసినది. తల్లి సంతోషించినది, నేనూ సంతోషించినాను.

మూడవ వారంలో అతడు తిరిగి వచ్చినాడు. వాపు మళ్ళీ కనిపించినది. మెట్లు ఎక్కితే గుండె దడ. తూకం 3 కిలోలు పెరిగినది. పనిలో ఉండగా ఒకనాడు కళ్ళు బైర్లు కమ్మి కూలబడిపోయినాడట. తల్లి మందుల కోసం బయటి గదిలోకి వెళ్ళిన తరువాత తలవంచుకొని చెప్పినాడు: "రెండు నెలలుగా జుట్టుకి మాత్ర వేసుకుంటున్నానండి. అమ్మకి తెలీదు. సంబంధాలు చూస్తున్నారు కదా, ఈలోగా కొంచెం జుట్టు వస్తుందని..." ఆ మాత్ర 5 మిల్లీగ్రాముల మినాక్సిడిల్. వైద్యుడు వ్రాసినది అతనికి కాదు, అతని స్నేహితునికి. ఫలితం త్వరగా రావాలని రోజుకు రెండేసి మింగుతున్నాడు.

నేను వెంటనే హృద్రోగ నిపుణుని వద్దకు పంపినాను. ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేసినారు. దైవానుగ్రహం వలన గుండె చుట్టూ నీరు చేరలేదు, గుండె బలం తగ్గలేదు. ఆయన మాత్ర మాన్పించినారు. పది పన్నెండు రోజులలో వాపు పూర్తిగా పోయి, నాడి నెమ్మదించినది.

ఇందులో నా తప్పు ఏమిటో పాఠకులు గ్రహించే ఉంటారు. ఏమి తింటున్నావని అడిగినాను గాని, ఏ మందు మింగుతున్నావని అడగలేదు. పునర్నవ మూత్రాన్ని జారీ చేసే మూలిక. మాత్ర శరీరంలో నిలువచేసిన నీటిని నా కషాయం కొంతమేరకు తీసివేసి, రానున్న ప్రమాదానికి గుర్తుగా కనిపించిన వాపును రెండు వారాలపాటు మరుగుపరచినది. ఆ రెండు వారాలూ అతడు మాత్ర మింగుతూనే ఉన్నాడు. నాడి వేగాన్ని చూచి కూడా దానికి వేరే కారణం వెదకకపోవుట నా అజాగ్రత్త. నాకు వైద్యం నేర్పిన గురువుగారి దగ్గర రోగి తెచ్చుకొన్న సంచిని విప్పించి చూచిన తరువాతనే నాడి పట్టే అలవాటు ఉండేది. ఆ రోజు నేను ఆ పాఠం మరచినాను.

అందువలన ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట ఒక్కటే. మినాక్సిడిల్ మాత్ర విషం కాదు. జుట్టుకు బలమిచ్చే విటమిను కూడా కాదు. అది రక్తపోటు మందు. దానిని ఎవరు ఏ ప్రయోజనానికి మింగినా, రక్తపోటు మందుకు ఇవ్వవలసిన గౌరవం ఇచ్చి తీరవలెను.

మాత్ర పూర్వకథ

అమెరికాలోని అప్‌జాన్ అనే ఔషధ సంస్థ ఈ మందును రూపొందించినది. ఇతర మందులకు లొంగని తీవ్రమైన రక్తపోటుకు మాత్రగా వాడుటకు 1979లో ఆ దేశపు ఆహార ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చినది. ఈ మాత్ర మింగిన రక్తపోటు రోగులలో దాదాపు 80 శాతం మందికి మూడు నుండి ఆరు వారాలలో ముఖం మీద, చేతుల మీద, వీపు మీద నూగు వెండ్రుకలు పొడవుగా, నల్లగా, దట్టంగా పెరుగుట కనిపించినది. రక్తపోటు వైద్యునికి అది చికాకు కలిగించే దుష్ఫలితం. బట్టతల ఉన్నవానికి మాత్రం అది ఆశ.

ఆ ఆశ నుండి పైపూత ద్రావణం పుట్టినది. 1988లో 2 శాతం ద్రావణానికి పురుషుల బట్టతల కోసం అమెరికాలో అనుమతి లభించినది. 1991లో స్త్రీలకు, 1997లో పురుషులకు 5 శాతం ద్రావణం వచ్చినవి. తలకు రాసినది రక్తంలోకి స్వల్పంగానే చేరుతుంది గనుక గుండె మీద దాని ప్రభావం సాధారణంగా తక్కువ.

అయితే రోజుకు రెండుసార్లు తలకు మందు రాసుకొనుట అందరికీ సాధ్యం కాదు. జుట్టు జిడ్డుగా ఉంటుంది, కొందరికి దురద పుడుతుంది. అందుచేత చర్మవైద్యులు తిరిగి మాత్ర వైపు చూచినారు, కాని చాల చిన్న మోతాదులో. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగర చర్మవైద్యుడు రోడ్నీ సింక్లెయిర్ 100 మంది స్త్రీలకు 0.25 మిల్లీగ్రాముల మినాక్సిడిల్‌ను స్పైరనోలాక్టోన్ అనే మరొక మందుతో కలిపి ఇచ్చి, ఆ ఫలితాలను 2018లో ప్రకటించినాడు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ చౌక మాత్రను గురించి వ్రాయగా లోకమంతటా ప్రచారం వచ్చినది. రక్తపోటుకు రోజుకు 10 నుండి 40 మిల్లీగ్రాములు వాడే మందును, జుట్టుకు సాధారణంగా 0.25 నుండి 5 మిల్లీగ్రాముల లోపు వాడుతున్నారు. స్త్రీలకు ఇందులో కూడా తక్కువ మోతాదే ఇస్తారు. మా రోగి మింగినది రోజుకు 10 మిల్లీగ్రాములు. అనగా, అతడు తనకు తెలియకుండానే జుట్టు మోతాదును దాటి, రక్తపోటు రోగుల మోతాదులో కాలు పెట్టినాడు.

ఒక విషయం గుర్తుంచుకొనవలెను. అమెరికాలో ఈ మాత్రకు లభించిన అనుమతి రక్తపోటుకే. జుట్టుకు ఇచ్చుట వైద్యుడు తన విచక్షణతో, తన బాధ్యత మీద చేసే పని. వైద్యుడే లేనప్పుడు ఆ విచక్షణా లేదు, ఆ బాధ్యత వహించేవారూ లేరు.

మూడు మర్మాల మీద ఒక మాత్ర

శిరస్సు, హృదయం, వస్తి అనే మూడింటిని మన ఆచార్యులు ప్రాణానికి ముఖ్యమైన మర్మాలుగా చెప్పినారు. చరకసంహిత చికిత్సాస్థానంలో త్రిమర్మీయ అధ్యాయం ఉన్నది. హృద్రోగాలు, మూత్రకృచ్ఛ్రం, శిరోరోగాలతో పాటు ఖాలిత్యం, అనగా బట్టతల చికిత్స కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది. గురుకులంలో ఆ అధ్యాయం వల్లె వేసేటప్పుడు గుండెజబ్బు, మూత్రవ్యాధి, బట్టతల ఒకే చోట ఎందుకున్నవని నేను ఆలోచించలేదు. ఈ మాత్ర పనిచేసే తీరు తెలిసికొన్న తరువాత ఆ అధ్యాయం నాకు తరచుగా జ్ఞాపకం వస్తున్నది. శిరస్సు కోసం మింగిన మందు తక్కిన రెండు మర్మాలనూ తాకకుండా పోదు.

ఎట్లాగంటారా? మింగిన మినాక్సిడిల్ శరీరంలోని ఒక ఎంజైము వలన మినాక్సిడిల్ సల్ఫేటుగా మారుతుంది. అది సన్నని ధమనుల గోడలలోని కండరాలలో పొటాషియం ద్వారాలను తెరుస్తుంది. కండరం సడలుతుంది, ధమని వెడల్పవుతుంది, రక్తపోటు దిగుతుంది. రక్తపోటు దిగగానే శరీరం ఊరకుండదు. దానిని తిరిగి నిలబెట్టుటకు రెండు ప్రయత్నాలు చేస్తుంది. మొదటిది, గుండె వేగంగా కొట్టుకొంటుంది. రెండవది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటకు పోనీయక పట్టి ఉంచుతాయి. మొదటి దాని వలన దడ, రెండవ దాని వలన కాళ్ళ వాపు, కనురెప్పల ఉబ్బు, తూకం పెరుగుట. నీరు ఎక్కువైతే గుండెకు భారం. మరీ విషమిస్తే గుండెను కప్పి ఉండే పొరలో నీరు చేరి గుండెను నొక్కుతుంది. గుండె రక్తనాళాలలో ముందే అడ్డంకులున్నవానికి, గుండె వేగం పెరిగితే ఛాతీ నొప్పి రేగుతుంది.

ఈ కారణం చేతనే రక్తపోటు మోతాదులో మినాక్సిడిల్ ఇచ్చేటప్పుడు వైద్యులు దానిని ఒంటరిగా ఇవ్వరు. గుండె వేగాన్ని అదుపులో ఉంచుటకు ఒక మందు, నీటిని తీసివేయుటకు ఇంకొక మందు జతచేస్తారు. గుండె చుట్టూ నీరు చేరవచ్చునని, ఛాతీ నొప్పి ఎక్కువ కావచ్చునని ఆ మాత్రల వివరపత్రంలో నల్లగీతల చట్రంలో హెచ్చరిక ముద్రించి ఉంటుంది. జుట్టు కోసం చిన్న మోతాదు మింగేవారిలో చాలమంది ఈ రెండు తోడుమందులు లేకుండానే మింగుతున్నారు. మోతాదు నిజంగా చిన్నదైతే సాధారణంగా అది సరిపోతుంది. మోతాదును తమంతట తాము పెంచుకొంటే మాత్రం కాపలా లేని ఇల్లే.

ప్రమాదం ఎంత?

భయపెట్టుట నా ఉద్దేశం కాదు గనుక అవతలి పక్షం కూడా చెప్పవలెను. 2021లో ప్రకటించిన ఒక పరిశీలనలో, జుట్టు కోసం చిన్న మోతాదు మాత్ర వాడిన 1404 మందిని పలు కేంద్రాల వైద్యులు గమనించినారు. వారిలో 15.1 శాతం మందికి అక్కరలేని చోట వెండ్రుకలు పెరిగినవి. తల తిరుగుట 1.7 శాతం మందికి, నీరు చేరుట 1.3 శాతం మందికి, గుండె దడ 0.9 శాతం మందికి కలిగినవి. ప్రాణాపాయం ఒక్కరికి కూడా కలుగలేదు. అయితే వీరంతా వైద్యుల పర్యవేక్షణలో, వారు నిర్ణయించిన మోతాదులో వాడినవారు. ఈ లెక్క స్నేహితుని చీటీ మీద మందు కొన్నవారికి వర్తించదు.

రక్తపోటు మోతాదులో, డయాలిసిస్ అవసరం లేని రోగులలో కూడా సుమారు 3 శాతం మందికి గుండె చుట్టూ నీరు చేరినదని ఆ మందు వివరపత్రమే చెప్పుతున్నది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలోనే ఇది ముఖ్యంగా కనిపించినది. చిన్న మోతాదులో ఇది చాల అరుదు. అయినా విడివిడి సంఘటనలు వైద్య పత్రికలలో నమోదైనవి.

ఇంకొక ముఖ్యమైన విషయం. 2024లో బ్రెజిల్ దేశపు వైద్యులు 90 మంది పురుషులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్ర, రెండవ వర్గానికి 5 శాతం పైపూత ద్రావణం 24 వారాలపాటు ఇచ్చి పోల్చిన ఫలితాన్ని ప్రకటించినారు. పైపూత కంటె మాత్ర మెరుగని తేలలేదు. మాత్రలో ఉన్నది సౌలభ్యమే. పైపూత సరిపడినవారు మాత్ర కోసం తహతహ పడనవసరం లేదు. పైగా రెండింటిలో ఏది మానినా, దానివలన వచ్చిన జుట్టు కొద్ది నెలలలో తిరిగి రాలిపోతుంది. అందుచేత ఇది కొద్దిరోజుల ముచ్చట కాదు, ఏండ్ల తరబడి మింగవలసిన మందు అని తెలిసి మొదలుపెట్టవలెను.

మన ప్రాంతంవారికి ప్రత్యేక జాగ్రత్తలు

విశాఖ ఎండ కంటె విశాఖ ఉక్క కఠినమైనది. గాలిలో తేమ వలన చెమట ఆరదు. వేడికి చర్మంలోని రక్తనాళాలు తమంతట తామే వెడల్పవుతాయి, చెమటతో ఉప్పూ నీరూ పోతాయి. అప్పటికే రక్తపోటు కొంత దిగి ఉంటుంది. దాని మీద ఈ మాత్ర తోడైతే ఒక్కసారిగా లేచి నిలబడినప్పుడు కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లూ తల్లి పేరూ పెట్టుకొన్న బ్లాస్ట్ ఫర్నేసుల వద్ద పనిచేసేవారు, ఓడరేవులో క్రేన్ల మీద ఎక్కేవారు, చేపలరేవు నుండి వేటకు పోయేవారు ఇంట్లో కుర్చీలో కూర్చున్నవారి వంటివారు కారు. వారికి తల తిరుగుట అంటే పడిపోవుట, పడిపోవుట అంటే ప్రాణం మీదికి వచ్చుట. ఇటువంటి పనులలో ఉన్నవారు ఈ మాత్ర విషయం తమ సంస్థ వైద్యునికి తప్పక తెలుపవలెను.

రెండవది మూత్రపిండాల సంగతి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, కంచిలి, పలాస మొదలైన మండలాలలో, కారణం స్పష్టంగా తేలని మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసినదో మనకు తెలుసు. ఆ ప్రాంతంనుండి వచ్చి విశాఖలో పనిచేస్తున్న యువకులు ఎందరో ఉన్నారు. ఈ వ్యాధి మొదటి దశలలో ఏ బాధా చూపదు. ముదిరిన తరువాతనే బయటపడుతుంది. అటువంటివారు క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనకుండా ఈ మాత్ర ముట్టుకొనరాదు.

మూడవది, బాల్యంలో కీళ్ళవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న సంగతి తెలియకనే పెద్దవారైనవారు మన దేశంలో ఉన్నారు. స్టెతస్కోపుతో వినకుండా, అవసరమైతే ఎకో తీయకుండా ఈ లోపం తెలియదు.

నాల్గవది, ఒళ్ళునొప్పులకు మందుల దుకాణంలో అడిగి కొనుక్కొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు కూడా ఉప్పునూ నీటినీ నిలువచేస్తాయి. ఈ మాత్రతో అవి కలిస్తే వాపు రెట్టింపవుతుంది. మద్యం, పురుషత్వం కోసం వాడే సిల్డెనాఫిల్ వంటి మందులు రక్తపోటును మరింత దించుతాయి.

ఎవరు వాడరాదు? వాడేవారు ఏమి చేయవలెను?

గుండెపోటు వచ్చినవారు, ఛాతీ నొప్పి ఉన్నవారు, గుండె బలహీనత, కవాటాల లోపం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు, రక్తపోటు సహజంగా తక్కువగా ఉండేవారు హృద్రోగ నిపుణుని అనుమతి లేకుండా వాడరాదు. అధివృక్క గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఉన్నవారికి ఇది పూర్తిగా నిషిద్ధం. గర్భిణులు, గర్భం కోరేవారు, పాలిచ్చే తల్లులు వాడరాదు.

వైద్యుని సలహాపై వాడేవారు ఈ క్రింది నియమాలు పాటించవలెను.

1. మొదలుపెట్టుటకు ముందు రక్తపోటు, నాడి, తూకం చూపించుకొని ఒక కాగితం మీద వ్రాసి ఉంచుకొనవలెను. రక్తహీనత, క్రియాటినిన్ పరీక్షలు, వైద్యుడు కోరితే ఇ.సి.జి. చేయించుకొనవలెను.

2. నాడి లెక్కించుట ఇంట్లో అందరూ నేర్చుకొనవలసిన విద్య. ఉదయం కాఫీకి ముందు అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చొని, మణికట్టు మీద బొటనవేలి మొదలు క్రింద మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టవలెను. మాత్రకు ముందు ఒక వారం ఈ విధంగా లెక్కించితే మీ సహజమైన సంఖ్య తెలుస్తుంది. తరువాత ఆ సంఖ్య నిమిషానికి 20 పెరిగితే అది హెచ్చరిక.

3. వారానికి రెండుసార్లు ఒకే వేళకు తూకం చూచుకొనవలెను. కొద్దిరోజులలోనే 2 కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు.

4. చీలమండల వాపు, కనురెప్పల ఉబ్బు, దడ, పడుకొంటే ఆయాసం, తల తిరుగుట కనిపిస్తే తరువాతి మాత్ర వేసుకొనక ముందే వైద్యునితో మాట్లాడవలెను. ఛాతీ నొప్పి, స్పృహ తప్పుట, తీవ్రమైన ఆయాసం కలిగితే ఆలస్యం చేయక 108 వాహనాన్ని పిలువవలెను.

5. ఫలితం కనిపించలేదని మోతాదు పెంచరాదు. మొదటి వారాలలో జుట్టు మరికొంత రాలవచ్చును. అది చూచి కంగారుపడి రెండు మాత్రలు మింగరాదు.

ఇదే సందర్భంలో మరొక రోగిని ప్రస్తావించవలెను. సీతమ్మధార నుండి వచ్చే ఒక ఉపాధ్యాయిని చర్మవైద్యుని పర్యవేక్షణలో అతి చిన్న మోతాదు వాడుతున్నది. అన్ని పరీక్షలూ చేయించుకొన్నది. చెంపల మీద నూగు పెరుగుట తప్ప ఏ బాధా లేదు. "ఆపేయమంటారా?" అని నన్ను అడిగినది. నేను ఆపమనలేదు. మందు మొదలుపెట్టించిన వైద్యునినే అడుగమని చెప్పినాను. ఒక వైద్యుని మందును మరొక వైద్యుడు తెలియకుండా మాన్పించుట కూడా హానియే.

మాత్రలే కాదు, ఇవి కూడా

జుట్టు కోసమని బయోటిన్ అనే విటమినును ఈ రోజులలో చాలమంది మింగుతున్నారు. పెద్దలకు రోజుకు కావలసినది 30 మైక్రోగ్రాములే. దుకాణాలలో దొరికే బిళ్ళలలో 5, 10 మిల్లీగ్రాములు, అనగా వందల రెట్లు ఉంటుంది. ఇది గుండెకు నేరుగా హాని చేయదు. కాని గుండెపోటును నిర్ధారించే ట్రోపోనిన్ రక్తపరీక్షలలో కొన్నింటిని తప్పుదారి పట్టించి, ఉన్న గుండెపోటును లేనట్లు చూపగలదు. అమెరికా నియంత్రణ సంస్థ 2017లో ఈ విషయమై హెచ్చరిక జారీ చేసినది. థైరాయిడ్ పరీక్షలు కూడా తారుమారు కావచ్చును. కనుక ఏ రక్తపరీక్షకైనా ముందు, ముఖ్యంగా ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి వెళ్ళినప్పుడు, బయోటిన్ వాడుతున్నట్లు తప్పక చెప్పవలెను.

మూలికలు కదా, మావి నిరపాయమని మా వైద్యులు కూడా అనుకొనరాదు. కేశ్య ఔషధాలలో అతిమధురం వాడుక ఉన్నది. తైలంలో తలకు రాస్తే చింత లేదు. చూర్ణంగా చాలకాలం ఎక్కువగా సేవిస్తే శరీరంలో ఉప్పు నిలిచి, పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారికి నేను దానిని లోపలికి ఇవ్వను.

ఇక పైపూత ద్రావణం. 5 శాతం ద్రావణం ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల మినాక్సిడిల్ ఉంటుంది. అనగా 5 మిల్లీగ్రాముల మాత్రలు పదింటితో సమానం. ఒక టీచెంచా ద్రావణం ఒక పసివాని కడుపులోకి పోతే ఏమగునో ఊహించుకొనండి. 2019లో స్పెయిన్ దేశంలో జీర్ణకోశపు మందుగా ఇచ్చిన ద్రవంలో పొరపాటున మినాక్సిడిల్ చేరి, పదిమందికి పైగా పసిపిల్లల ఒళ్ళంతా వెండ్రుకలు మొలిచిన సంఘటన జరిగినది. సీసానూ మాత్రలనూ పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచవలెను.

ఆయుర్వేదం ఏమి చేయగలదు?

ముందుగా కారణం వెదకవలెను. టైఫాయిడ్, డెంగ్యూ, కోవిడ్ వంటి జ్వరాల తరువాత, ప్రసవం తరువాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. పోషణ బాగుంటే కొన్ని నెలలలో తానే తిరిగి వస్తుంది. దానికి ఏ మాత్రా అక్కరలేదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉంటే వాటికి చికిత్స చేయవలెను. తండ్రి తాతల నుండి వచ్చే బట్టతల వేరు. మూడు దోషాలూ కలిసి కోపించిన ఖాలిత్యం అసాధ్యమని వాగ్భటుడే చెప్పినాడు. కనుక నున్నగా మెరిసే తల మీద నూనెతో జుట్టు మొలిపిస్తానని నేను ఎవరికీ మాట ఇవ్వను.

ఉన్న జుట్టును, తలచర్మాన్ని కాపాడుకొనుటకు మాత్రం ఈ తైలం మంచిది. గుంటగలగర ఆకుల రసం 800 మిల్లీలీటర్లు, నువ్వులనూనె 200 మిల్లీలీటర్లు, నీటితో మెత్తగా నూరిన ఉసిరిక పెచ్చుల ముద్ద 50 గ్రాములు మందపాటి పాత్రలో కలిపి సన్నని సెగ మీద కాచవలెను. అడుగున ఉన్న ముద్దను వేళ్ళ మధ్య నలిపితే వత్తివలె రావలెను. నిప్పు మీద వేస్తే చిటపటలాడరాదు. అప్పుడు దించి వడగట్టి, గాజుసీసాలో పోసుకొనవలెను. వారానికి రెండు రోజులు గోరువెచ్చగా తలకు మర్దించి, గంట తరువాత కుంకుడుకాయ రసంతో రుద్దుకొనవలెను. ఆహారంలో పెసలు, నువ్వులు, మునగాకు, తోటకూర, పాలు, ఉసిరిక ఉండవలెను. మాంసాహారులు చేపలు, గ్రుడ్లు తీసుకొనవచ్చును. రాత్రి షిఫ్టు చేసేవారు పగలు ఆరేడు గంటలు చీకటి గదిలో నిద్రపోవలెను.

చివరి మాట

ఆ అబ్బాయి ఇప్పుడు చర్మవైద్యుని సలహాతో పైపూత ద్రావణం వాడుతున్నాడు. కొంత జుట్టు నిలిచినది, కొంత పోయినది. నిరుడు మాఘమాసంలో వివాహం జరిగినది. పెండ్లికి ముందే అమ్మాయితో జుట్టు సంగతీ మాత్ర సంగతీ దాచకుండా చెప్పినాడని వాళ్ళ అమ్మ నాతో అన్నది. "ముందే నాతో చెప్పుంటే ఆ వాపులు లేకపోవును కదా బాబూ" అని కూడా అన్నది. నేను అడిగి ఉన్నా అవి లేకపోవును.

అప్పటి నుండి మా వైద్యశాల గుమ్మంలో ఒక పలక వ్రేలాడదీసినాను. "మీరు మింగే ప్రతి మందూ, జుట్టుకైనా, చర్మానికైనా, ఒంటినొప్పికైనా, అట్టతో సహా తెచ్చి చూపండి" అని దాని మీద వ్రాసి ఉన్నది. నాడి పట్టే ముందు ఆ సంచిని నేనే అడిగి విప్పిస్తున్నాను. పాఠకులు కూడా ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా, ఆయన అడిగినా అడగకపోయినా, ఆ సంచి తీసికొని వెళ్ళవలెనని నా మనవి.